ఒంగోలు నేలకు తగ్గ ఫ్రేమ్: ఒక హార్డ్‌టెయిల్ ప్రాజెక్టు డైరీ

జూన్

నా పాత హార్డ్‌టెయిల్ (ముందు ఫోర్కుకే స్ప్రింగు ఉండి, వెనక లేని సైకిల్) ఫ్రేమ్ పగిలింది. సీటు కింది నిలువు గొట్టం సీట్ ట్యూబూ, పైన అడ్డంగా పోయే టాప్ ట్యూబూ కలిసే చోట, వెల్డింగు గట్టుకు కాస్త కిందుగా సన్నటి గీత కనిపించింది. పెయింటు లేచిందేమో అని గీరి చూశాను. గోరు పట్టుకుని ఆగింది. అయినా అనుమానం తీరక, గుడ్డతో డీజిల్ పూసి పావుగంట ఆగి, శుభ్రంగా తుడిచేసి, పైన సుద్దముక్క రుద్దాను. కాసేపటికి తెల్లటి సుద్ద మీద తడి గీత తేలింది. ట్యూబు చుట్టూ మూడో వంతు దాకా పాకింది. ఇక మాట్లాడే పని లేదు.

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో మెషీన్లకు వెల్డింగు చేసే కుర్రాడికి చూపించాను.

"ఏందన్నా దీనికింత ఆలోచన? ఆర్గాన్ పెట్టి పావుగంటలో లాగేస్తా."

"అతుకుద్ది సరే తమ్ముడూ, పక్కన మళ్లీ పగలదా?"

"పగిలితే మళ్లీ తీసుకురా. నేను యాడికి పోతా!"

కుర్రాడి చెయ్యి మంచిదే. గొడవంతా లోహంతోనే. సైకిల్ ఫ్రేములకు ఎక్కువగా వాడేది 6061 రకం అల్యూమినియం. వెల్డింగు అయ్యాక ఫ్రేమ్ మొత్తాన్ని 530 డిగ్రీల దరిదాపుల్లో కాల్చి, నీళ్లలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచితే టీ6 అనే గట్టిదనం వస్తుంది. ఇప్పుడు ఒక్కచోట మంట పెడితే ఆ చుట్టుపక్కల గట్టిదనం పోయి లోహం మెత్తబడుతుంది. కొత్త అతుకు నిలుస్తుంది, దాని పక్కది తెగుతుంది. గేటుకైతే పర్వాలేదు గానీ, గుంతల్లో నా బరువు మోసే ఫ్రేముకు వద్దనుకున్నాను.

నిజానికి మన దగ్గర ఫ్రేమ్ విడిగా కొని కట్టుకోవడం కంటే పూర్తి సైకిల్ కొనడమే చవక. నా లెక్క వేరు, ఎందుకంటే మంచి సామానంతా చేతిలో ఉంది: 120 మి.మీ. దాకా కుంగే గాలి ఫోర్కు, 29 అంగుళాల రిమ్ములు, హైడ్రాలిక్ బ్రేకులు, క్రాంకు. ఎముక ఒక్కటే మార్చాలి.

జులై

ముందు నేను తొక్కే నేల ఏమిటో రాసుకున్నాను. సంతపేట నుంచి ఆఫీసుకు రోజూ తారు రోడ్డు. ఆదివారం కొత్తపట్నం బీచి, అక్కడ ఇసుక, ఉప్పుగాలి. లేకపోతే సాగర్ కాలువ కట్ట, ఎర్రగరుసు. చీమకుర్తి వైపు లారీలు పిండి చేసిన రాతి దుమ్ము. పొగాకు చేల మధ్య డొంకలు, వానపడితే నల్లరేగడి. ఎప్పుడైనా భైరవకోన దాకా వెళ్తే రాళ్లూ ఎత్తుపల్లాలూ. అంటే నూటికి ఎనభై పాళ్లు చదునే.

ఈ చివరి మాట దగ్గర పెట్టుకుంటే సగం ఫ్రేములు లిస్టు నుంచి వాటంతటవే పోతాయి. వీడియోల్లో చూపించే హార్డ్‌టెయిల్స్ కొండ ఎక్కి, అడవిలో నిటారుగా దిగే దేశాల కోసం గీసినవి. హెడ్ యాంగిల్ (ముందు ఫోర్కు కాడ నేలతో చేసే కోణం) 64, 65 డిగ్రీలు. సీట్ యాంగిల్ (సీట్ ట్యూబు నేలతో చేసే కోణం) 77. దిగేటప్పుడు ముందు చక్రం దూరంగా ఉండి ధైర్యం ఇస్తుంది, ఎక్కేటప్పుడు ఒళ్లు పెడళ్ల మీదికి వస్తుంది. బాగానే ఉంది. కానీ చదునులో ఎదురుగాలికి గంటసేపు తొక్కాలంటే 77 డిగ్రీల సీటు మనిషిని ముందుకు నెట్టి బరువంతా మణికట్ల మీద పెడుతుంది. కొత్తపట్నం నుంచి తిరిగొచ్చేసరికి అరచేతులు తిమ్మిరెక్కితే ఆ యాంగిల్ ఎవరికి కావాలి?

అలాగని 1990లలో రాజ్యమేలిన హెడ్ 71, సీట్ 73 కొలతలకు తిరిగి పోదామా అంటే, అదీ వద్దు. ఆ సైకిళ్లు తారు మీద చురుగ్గా తిరుగుతాయి గానీ, గుండ్రాళ్ల దిగుడులో ముందుకు తోసేస్తున్నట్టు భయపెడతాయి. నాకు కావలసింది నడిమి దారి: హెడ్ యాంగిల్ 66.5 నుంచి 67.5, సీట్ యాంగిల్ 74 నుంచి 75.

ఇక్కడ హార్డ్‌టెయిల్‌కు మాత్రమే ఉన్న ఒక కిటుకు లెక్కలోకి తీసుకోవాలి. వెనక స్ప్రింగు లేదు. మనం ఎక్కి కూర్చుంటే ముందు ఫోర్కు ఒక్కటే కుంగుతుంది, సాగ్ అంటారు. 120 మి.మీ. ఫోర్కు 25 మి.మీ. కుంగిందనుకోండి, సైకిల్ మొత్తం వెనక ఇరుసు మీద ముందుకు వంగి, రెండు యాంగిళ్లూ ఒక డిగ్రీ పైచిలుకు నిటారవుతాయి. కంపెనీ కొలతల చార్టులో 66.5 అని ఉన్నది తొక్కేటప్పుడు 67.6. చార్టులో 74.5 సీటు 75.6. కాబట్టి రెండువైపులా స్ప్రింగులున్న సైకిల్ చార్టునూ దీనినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఫోర్కు పొడవూ అంతే. 20 మి.మీ. ప్రయాణం (ఫోర్కు కుంగగల దూరం) పెంచితే హెడ్ యాంగిల్ సుమారు ఒక డిగ్రీ వాలుతుంది, బాటమ్ బ్రాకెట్ (క్రాంకు ఇరుసు తిరిగే చోటు) పైకి లేస్తుంది. 100 కోసం గీసిన ఫ్రేముకు 140 తగిలిస్తే యాంగిల్ సంగతి తర్వాత, ముందు హెడ్ ట్యూబ్ (ఫోర్కు కాడ దూరే గొట్టం) మీద పడే లాగుడు పెరుగుతుంది. ఫ్రేమ్ తయారీదారు ఎంత దాకా ఒప్పుకుంటాడో చూసి, ఆ హద్దులోనే ఉండాలి. నాది 120. అది హద్దులో పడే ఫ్రేమ్, అంటే 100 నుంచి 130 లేదా 120 నుంచి 140 ఒప్పుకునేది కావాలి.

ఆగస్టు

లోహం సంగతి తేలలేదు. చర్చంతా ఇంట్లోనే.

కార్బన్‌ను మొదటే పక్కన పెట్టాను. బరువు తగ్గుతుంది, నిజమే. కానీ చీమకుర్తి దారిలో టైరు కింద నుంచి ఎగిరే రాతి చెక్కలు కింది వాలు గొట్టం డౌన్ ట్యూబుకు తగిలే శబ్దం విన్నవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. పేరు తెలియని చవక కార్బన్ ఫ్రేములు ఐఎస్ఓ 4210 అనే సైకిల్ భద్రతా పరీక్ష పాసయ్యాయని రాస్తారు. పరీక్ష కాగితం అడిగితే ఒక విక్రేత నుంచి నమస్కారం పెట్టే బొమ్మ వచ్చింది.

అల్యూమినియమా, ఉక్కా? మిగిలింది ఈ రెండే. ఉక్కు సాంద్రత అల్యూమినియంకు దాదాపు మూడు రెట్లు, బిగువూ మూడు రెట్లే. అందుకే ఉక్కు ట్యూబులు సన్నగా, పల్చగా చేస్తారు. అంత చేసినా ఫ్రేమ్ మీద అర కిలో నుంచి ముప్పావు కిలో ఎక్కువే తూగుతుంది. ఉక్కుకు ఉన్న గొప్ప గుణం వేరే: ఒక హద్దుకు లోబడిన ఒత్తిడిని అది ఎన్ని లక్షలసార్లయినా అలసట లేకుండా మోస్తుంది. అల్యూమినియంకు అలాంటి హద్దు లేదు, పడే ప్రతి దెబ్బా ఖాతాలో చేరుతూనే ఉంటుంది. మంచి కంపెనీలు దాన్ని లెక్కలో పెట్టుకునే ట్యూబులు మందంగా చేస్తాయి, ఏళ్ల తరబడి నడుస్తాయి. చెడ్డదని కాదు. కానీ పగిలిన రోజు ఉక్కయితే మన కుర్రాడి దగ్గరకే తీసుకెళ్లొచ్చు.

ఉక్కు "మెత్తగా నడుస్తుంది" అనే మాటను మాత్రం నేను పెద్దగా పట్టించుకోను. 2.4 అంగుళాల టైరులో 20 పీఎస్ఐ గాలి ఇచ్చే సుఖం ముందు ఫ్రేమ్ ఇచ్చేది ఎంత? టైరు పట్టే ఖాళీ ఉందా లేదా, అదీ చూడాల్సింది.

మా బావమరిది ఒకటే పాట: "బావా, కొత్తపట్నం గాలికి కిటికీ చువ్వలే చిల్లులు పడుతున్నాయి. ఉక్కు ఫ్రేమ్ కొంటావా?" మాట నిజమే. తుప్పు ఎక్కువగా లోపల్నుంచి వస్తుంది, బయట పెయింటు కాపాడుతుంది. లోపల నూనె పట్టించి, బాటమ్ బ్రాకెట్ కింద నీళ్లు పోయే చిల్లు ఉన్న ఫ్రేమ్ తీసుకుంటే చాలు. క్రోమోలీ 4130 ఉక్కుకే ఓటేశాను.

ఆగస్టు చివర

ఈ నెలంతా నన్ను సతాయించింది యాంగిళ్లు కాదు, నల్లరేగడి. ఈ నేల సంగతి ఇక్కడివాళ్లకు చెప్పనవసరం లేదు. వానపడ్డ మర్నాడు డొంకలోకి దిగితే వంద గజాల్లో టైరు రెట్టింపు అవుతుంది. మట్టికి గడ్డీ పొగాకు కాడలూ కలిసి, వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే కింది గొట్టాలైన చైన్‌స్టేల మధ్య ఇరుక్కుని చక్రం తిరగడమే మానేస్తుంది. పాత ఫ్రేములో చైన్‌స్టేల మధ్య 66 మి.మీ. ఖాళీ. 2.25 టైరు వెడల్పు 57. అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర. ఎండలో ఇది చాలు. రేగడిలో సైకిల్‌ను మనమే మోయాలి.

కొత్తదానిలో టైరు పక్కన ఏడు మిల్లీమీటర్లయినా ఉండాలని గీత గీసుకున్నాను. ఈ ఖాళీకి అడ్డొచ్చేది పొట్టి చైన్‌స్టే మీద మోజు. వెనక చక్రం దగ్గరగా ఉంటే ముందు చక్రం లేపడం తేలిక, మలుపులు సరదా. 29 అంగుళాల చక్రాన్ని 420 మి.మీ.లో ఇరికించాలంటే సీట్ ట్యూబు వంచాలి, చైన్‌స్టే నొక్కాలి, క్రాంకు మీది పళ్లచక్రమైన చైన్‌రింగ్‌కు చోటు వదలాలి. చివరికి కోత పడేది మట్టికి వదలాల్సిన చోటు మీదే. నాకు 435 దగ్గర ఉంటే చాలు. కొన్ని ఉక్కు ఫ్రేములకు వెనక డ్రాపవుట్లు (చక్రం ఇరుసు కూర్చునే కొసలు) ముందుకూ వెనక్కూ జరుగుతాయి. ఎండాకాలంలో 425కు లాక్కుని, కార్తీకం వానలకు 440కి వదిలేయొచ్చు. చక్రం వెనక్కి పోతే చైన్‌స్టేలు విచ్చుకున్న చోటికి టైరు వస్తుంది, ఖాళీ పెరుగుతుంది.

వీటితో ఇంకో లాభం ఉంది. చిల్లకంప పుల్ల, గేర్లు మార్చే డీరేలర్‌లో దూరి దాన్ని విరిచేస్తే, గొలుసు తెంచి పొట్టిగా కలుపుకుని, డ్రాపవుట్లు వెనక్కి లాగి బిగించి, ఒకే గేరుతో ఇంటికొచ్చేయొచ్చు. మామూలు ఫ్రేములో అలా కలిపిన గొలుసు బిగువుగా నిలవదు. బోల్టులు సరిగ్గా బిగించకపోతే జారతాయి, కిర్రుమంటాయి. ఆ చాకిరీకి సిద్ధమే.

సెప్టెంబరు

ఒంగోలులో ఏది దొరుకుతుంది, ఏది దొరకదు అనేది ఫ్రేమ్ ఎంపికలో యాంగిళ్ల కంటే పెద్ద విషయం అని నా అభిప్రాయం.

బాటమ్ బ్రాకెట్ మరలదే కావాలి. ప్రెస్‌ఫిట్ అంటే బేరింగులను గుల్లలోకి నొక్కి కూర్చోబెట్టేది. గుల్ల కొలత వెంట్రుకవాసి తేడా ఉన్నా, రాతి దుమ్ము చేరినా, ప్రతి తొక్కుకూ కిర్రుకిర్రు. దాన్ని తీయడానికీ వేయడానికీ ప్రత్యేక సామాను కావాలి. మరలదైతే ఏ మెకానిక్కైనా విప్పుతాడు. ఈ మర కొలతను బీఎస్ఏ అంటారు, బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. మనవాళ్లు తొక్కిన ఎస్ఎల్ఆర్ సైకిళ్ల మీద ఉన్న బీఎస్ఏ కూడా ఆ కంపెనీ పేరే. కుడివైపు బేరింగు కప్పు ఎడమ మర అని గుర్తుంచుకోవాలి. తెలియక మామూలు మరలాగే బలంగా తిప్పి మర చెడగొట్టిన షాపులు ఉన్నాయి.

వెనక హబ్ (చక్రం నడిమి గుండు) దగ్గర గట్టి నిర్ణయం తప్పలేదు. నా పాత చక్రం 135 మి.మీ. వెడల్పు, మీటతో బిగించే క్విక్ రిలీజ్. కొత్త ఫ్రేములు చాలావరకు బూస్ట్ అనే 148 మి.మీ. వెడల్పువి. పాత చక్రం కోసం 135 ఫ్రేమ్ వెతికితే దొరుకుతాయి, కానీ రేపు ఆ కొలతలో మంచి హబ్బులు దొరకడం తగ్గుతూ పోతుంది. ఫ్రేమ్ పదేళ్లుండాలి, హబ్ కాదు. 148 తీసుకుని, పాత రిమ్ముకే కొత్త హబ్ వేసి కట్టించుకుందామని తేల్చాను. హబ్ 32 బొక్కలది, తల వంగిన మామూలు స్పోకులు పట్టేది. నిటారు స్పోకులవి చూడ్డానికి బాగుంటాయి గానీ, ఒకటి తెగితే చెన్నై నుంచి రావాలి. సగం ధర సైకిళ్లలో 141 క్విక్ రిలీజ్ అని మధ్యస్థంగా ఒకటి ఉంటుంది. కొనేముందు టేపు పెట్టి చూసుకోండి, పేరు నమ్మొద్దు.

డీరేలర్ హ్యాంగర్ (డీరేలర్‌ను ఫ్రేముకు తగిలించే ముక్క) కూడా అంతే. ఒక్కో కంపెనీది ఒక్కో ఆకారం. 2019లో విడిభాగాల కంపెనీ స్రామ్ తెచ్చిన ఉమ్మడి హ్యాంగర్ యూడీహెచ్ వచ్చాక చాలా ఫ్రేములకు ఒకటే సరిపోతుంది. జరిగే డ్రాపవుట్ల ఫ్రేముల్లో ఇది అన్నిటికీ లేదు. నేను ఎంచుకున్నదానికి సొంత హ్యాంగరే, కాబట్టి ఫ్రేముతో పాటే రెండు అదనంగా ఆర్డరు పెట్టాను.

సైజు. నా ఎత్తు 173 సెం.మీ., మీడియమూ లార్జూ రెండూ సరిపోతాయనే ఎత్తు. అమ్మేవాళ్ల చార్టులు ఎత్తు మాత్రమే అడుగుతాయి. పగిలిన సైకిల్‌నే కొలబద్ద చేసుకున్నాను. గోడకు ఆనించి నిటారుగా నిలబెట్టి, హెడ్ ట్యూబ్ పైభాగం నడిమి నుంచి మేస్త్రీ గుండుదారం వదిలాం. దారం ఊగడం ఆగేదాకా బావమరిది ఊపిరి బిగబట్టి హ్యాండిల్ పట్టుకున్నాడు. దారానికీ బాటమ్ బ్రాకెట్ నడిమికీ అడ్డంగా 420, అదే రీచ్. నిలువుగా 605, అదే స్టాక్. దాని మీద 80 మి.మీ. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క) ఉండేది. కొత్తదానికి 50 స్టెమ్ వేస్తే 30 మి.మీ. రీచ్ కలిసొచ్చినా చెయ్యి చాపేది అంతే. మీడియం రీచ్ 440. ఫోర్కు కుంగినప్పుడు రీచ్ ఇంకో పన్నెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. లార్జు 465 అంటోంది. మీడియమే. స్టాక్ 625, ఎదురుగాలికి ఇంకాస్త వంగాలంటే స్టెమ్ కింది స్పేసర్ వలయాలు తీసేయొచ్చు.

22వ తేదీ నుంచి సైకిళ్లూ విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆర్డరు ఆ వారం దాకా ఆపాను. ఆ తేడా హబ్ ఖర్చులో కొంత మోసింది.

అక్టోబరు

ఫ్రేమ్ వచ్చింది. సైజూ రంగూ సరే, ముందు వంకర చూడాలి. ఎడమ డ్రాపవుట్‌కు దారం కట్టి, హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి, కుడి డ్రాపవుట్‌కు బిగించాను. సీట్ ట్యూబుకూ దారానికీ మధ్య ఎడం రెండువైపులా కొలిస్తే అర మిల్లీమీటరు తేడా. బంగారం. బాటమ్ బ్రాకెట్ మరల్లో పెయింటు పేరుకుని ఉంది, కప్పు చేత్తో తిప్పితే రెండు చుట్లకే ఆగింది. పాత కప్పు మర మీద నిలువుగా రెండు గాడులు కోసి, నూనె వేసి, కాస్త లోపలికి కాస్త వెనక్కి తిప్పుతూ శుభ్రం చేశాను. పూర్తయ్యాక కొత్త కప్పు వేళ్లతోనే చివరిదాకా దిగింది.

లోపలికి ఉడికించిన అవిసె నూనె. చిల్లులన్నీ టేపుతో మూసి, ఒక గ్లాసు పోసి, ఫ్రేమ్‌ను అన్ని వైపులా తిప్పి తిప్పి, మిగిలింది వంచేసి, దండెం మీద వేలాడదీశాను. ఇది చేసేవాళ్లకు ఒక హెచ్చరిక: ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. విప్పి గోడ మీద ఆరేయండి.

హెడ్‌సెట్ (ఫోర్కు కాడ తిరిగే బేరింగుల జత) కప్పులు నొక్కడానికి ట్రంకు రోడ్డు హార్డ్‌వేర్ షాపులో 12 మి.మీ. మరల కడ్డీ, నట్లు, పెద్ద వాషర్లు కొన్నాను. 44 మి.మీ. హెడ్ ట్యూబ్, కాబట్టి పైకప్పు లోపలికి దిగేది, కిందికప్పు బయటికి ఉబ్బేది. అలా అయితేనే నా ఫోర్కు కింద లావున్న కాడ పడుతుంది. గ్రీజు రాసి, కప్పు వంకరపోకుండా కళ్లు దగ్గర పెట్టుకుని, నట్టు పావు చుట్టు చొప్పున. మొదట బిగువు, తర్వాత మెల్లగా జారడం, చివర గట్టుకు ఆనుకోగానే నట్టు మొండికేస్తుంది. అక్కడ ఆపాలి. సీటు పోస్టుకూ దండిగా గ్రీజు. ఉక్కులో అల్యూమినియం పోస్టు ఉప్పుగాలికి అతుక్కుపోతే రంపమే గతి.

చైన్‌రింగ్ మార్చక తప్పలేదు. బూస్ట్‌కు గొలుసు వరస 3 మి.మీ. బయటికి పోతుంది, ఆ ఆఫ్‌సెట్‌ది వేశాను.

నవంబరు

వాయుగుండం వాన వెలిశాక కావాలనే మంగమూరు వైపు డొంకల్లోకి దించాను. డ్రాపవుట్లు 440లో, టైర్లు 2.4, ట్యూబులెస్. మట్టి అంటుకుంది, ఎందుకు అంటుకోదు! కానీ చైన్‌స్టే దగ్గర ఒరుసుకుని రాలిపోతూ చక్రం తిరుగుతూనే ఉంది. దిగి పుల్లతో గీరాల్సి వచ్చింది డీరేలర్ దగ్గర మాత్రమే. పల్లేరుకాయలు టైరుకు బోలెడు గుచ్చుకున్నాయి, టైరు లోపల పోసిన సీలెంట్ ద్రవం పూడ్చేసింది. మన ఎండలకు ఆ సీలెంట్ రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, క్యాలెండర్‌లో రాసుకుని పోయాలి.

చదునులో 74.5 సీటు నేననుకున్నట్టే ఉంది. కొత్తపట్నం నుంచి ఎదురుగాలికి వచ్చినా చేతులు తిమ్మిరెక్కలేదు. గ్రావెల్ దిగుడులో పాత సైకిల్ కంటే వేగంగా వదులుతున్నాను, ముందు చక్రం పట్టు వదలడం లేదు. మెత్తటి ఇసుకలో నెమ్మదిగా పోతే మాత్రం హ్యాండిల్ అటూ ఇటూ పడుతుంది. వాలుగా ఉన్న హెడ్ యాంగిల్‌తో అది తప్పదు, కాస్త వేగంగా తొక్కితే సర్దుకుంటుంది. ముప్పావు కిలో బరువు ఆఫీసు దారిలో తెలియలేదు. భుజాన వేసుకుని మేడమెట్లు ఎక్కేటప్పుడు తెలుస్తోంది.

కుడి డ్రాపవుట్ బోల్టు ఒకటి వదులైంది. మర బిగువు పట్టే నీలం జిగురు వేసి టార్క్ రెంచితో బిగించాను, మళ్లీ చూడాలి. జీతం పడ్డాక డ్రాపర్ పోస్టు (మీట నొక్కితే దిగే సీటు పోస్టు): 30.9 మి.మీ. లావు, 150 మి.మీ. ప్రయాణం. బాటిల్ బోల్టులు సీట్ ట్యూబులోకి ఎక్కడ పొడుచుకొచ్చాయో ఇనప చువ్వ దించి కొలిచాను. పైనుంచి 240 మి.మీ. దాకా అడ్డం లేదు. అంతలో దిగే మోడళ్లు ఏవో వాటి డ్రాయింగుల్లో చూడాలి.